కుండీలో కాసిన కారం

భోజనానికి వచ్చిన కాబోయే వియ్యాలవారు హాల్లో ఇంకా నవ్వుతూనే ఉన్నారు. బాత్రూం తలుపు బయట బావ పెరుగు గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. లోపల బావమరిది నోరు కడుక్కుంటున్నాడు.

"పెరుగు తెచ్చాను, తలుపు తియ్యరా."

"ఉండు బావా, ఇంకా చెవుల్లోంచి పొగలొస్తున్నాయి."

"నాదే తప్పు. మా కుండీలో కాసిన మిరపకాయలు అస్సలు కారం ఉండవు, పచ్చివే నమిలెయ్యొచ్చు అని కోతలు కోశాను. ఎవరో ఒకరు కొరికితే నలుగురం నవ్వుకుందామనుకున్నాను."

"అవి నిప్పులని నాకు ముందే తెలుసులే. నువ్వు ఊరెళ్ళినప్పుడు ఆ మొక్కలకి నీళ్ళు పోసింది నేనే కదా. ఒకటి రుచి చూసి ఏడ్చాను కూడా."

"మరి తెలిసి తెలిసి ఎందుకు తిన్నావు?"

"నీ మాట నమ్మి నాకు కాబోయే మామగారు చెయ్యి చాపారు బావా. ఆయనకి అసలే కడుపులో పుండు."

"వద్దని ఒక్క మాట అనొచ్చుగా!"

"అందరి ముందూ నిన్ను అబద్ధాలకోరుని చెయ్యమంటావా? అందుకే గబుక్కున లాక్కుని నోట్లో వేసుకున్నాను."

బయట పెరుగు గిన్నె నేల మీద పెట్టిన చప్పుడైంది.

"బావా, ఉన్నావా?"

"ఉన్నాను. గడియ తీసి కాస్త జరుగు, నేనూ లోపలికొస్తాను. హాల్లోకి వెళ్ళడానికి నాకు మొహం చెల్లడం లేదు."