ఫోన్ పక్కన ఫోన్

తాండూరు స్టేషన్లో తండ్రీకూతుళ్లు వికారాబాద్ వైపు పోయే రైలు కోసం కూర్చున్నారు. ఆమె పక్కన హాస్టల్ సంచి. అతని చెప్పుల నిండా బండల గని దుమ్ము.

"సాయంత్రం నేను ఫోన్ చేస్తే రోజూ స్విచ్చాఫే. ఎంత పరేషాన్ అయితదో తెలుసా నాయినా?"

"మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతది బిడ్డ. నువ్వు బహుమతి తీసుకున్న వీడియో చూస్త కద."

"చూసినప్పుడల్లా నెట్టు పెడ్తున్నవా? గనిల సిగ్నల్ అందక బ్యాటరీ తినేస్తది. జర నీ ఫోన్ నా ఫోన్ పక్కన పెట్టు. నెట్టు లేకుండనే పంపిస్త. నీ ఫోన్ల దాచుకొని ఎన్నిసార్లన్న చూసుకో."

"సరే, పంపు."

"నీ ఫోన్ల జాగ లేదంటుంది. గివేంది, నా పేరు మీద గిన్ని రికార్డింగులు?"

"నువ్వు చేసిన ఫోన్లే. మాట్లాడినవన్నీ అదే దాచిపెడ్తది."

"తీసెయ్యనా?"

"వద్దు బిడ్డ! గనిల బువ్వ ముందట పెట్టుకొని ఒకటి వింట. 'తిన్నవా నాయినా' అని నువ్వు అడిగినంకనే ముద్ద పెట్టుకుంట."

ఆమె రెండు ఫోన్లనూ మళ్లీ పక్కపక్కన పెట్టింది.

"అయితే కొత్తయి నీ దగ్గరుండనియ్యి. పాతయి నా ఫోన్లకు ఏసుకుంట. నీకు జాగ అయితది."

"నీ మాటలు నీకెందుకు బిడ్డ?"

"అండ్ల నువ్వు గూడ మాట్లాడినవు కద నాయినా."