తూర్పుకి తిప్పించిన కాండో

"బ్రోకర్లతో ఎలా మాట్లాడాలో నన్నడుగు బాబూ. నేనీ ఊరొచ్చి పందొమ్మిదేళ్లయింది. లిఫ్టులో నేను కనబడ్డానంటే బ్రోకరనేవాడు వెనక్కి తిరిగి మెట్లెక్కుతాడు. ముందు కూర్చో. ఇదిగో, ఇతను అప్పయ్య. శ్రీకాకుళం వైపు మనిషి, సెంబవాంగ్ షిప్‌యార్డులో పని. ఆదివారం ఆదివారం ట్రైనెక్కి బిషాన్ వచ్చి, ఈ కోపి షాపులో, అదే కాఫీ కొట్లో, నా పక్కన కూర్చుంటాడు, నాలుగు మంచి మాటలు వినొచ్చని. నీ పేరేవిటి?"

"లోహిత్ అంకుల్."

"నన్ను మల్లికార్జునరావు అంటారు. నువ్వు ఫోన్లో తెలుగులో గింజుకోవడం విని పిలిచాను. ఏవిటంత కంగారు?"

లోహిత్ చెప్పాడు. తను బ్యాంకులో సాఫ్ట్‌వేర్ చూస్తాడు. ఉండేది బెడోక్‌లో, మామగారి ఫ్లాట్‌లో. అద్దెకిచ్చుకోవడానికని మొట్టమొదటిసారి ఒక ఇల్లు కొంటున్నాడు. నాలుగున్నరకి బ్రోకరు ఇల్లు చూపిస్తాడు. ఐదింటికి ధరలో ఒక శాతానికి చెక్కు రాసివ్వాలి. ఇచ్చాక మనసు మారితే ఆ డబ్బు తిరిగి రాదు. ఇవాళ ఇవ్వకపోతే ఇంకో బయ్యర్ ఎగరేసుకుపోతాడని బ్రోకరు పొద్దుట్నించి నాలుగుసార్లు ఫోన్ చేశాడు.

"ఎనిమిదేళ్లు కూడబెట్టిన డబ్బంకుల్. వాణ్ణి ఏం అడగాలో కూడా తెలీట్లేదు. భయంగా ఉంది."

"ఎక్కడా ఇల్లు?"

"ఇక్కడే, పక్కనున్న కాండో అపార్టుమెంట్లలో. పదకొండో అంతస్తు."

అంకుల్ కప్పు కింద పెట్టేశాడు. తర్వాత ఇంకో మూడు కోపీలు చెప్పి, కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"ఐతే నువ్వు జాగ్రత్తగా వినాలి. నేను మొదటి ఇల్లు కొన్నది సెంబవాంగ్‌లో. అద్దెకివ్వడానికే, నీలాగే. లిమ్ అని ఒక బ్రోకరు తగులుకున్నాడు. చలవ చొక్కా, మెరిసే బూట్లు. 'సార్, ఇదే లాస్ట్ ప్రైస్' అన్నాడు. నేను నోరు విప్పలా. ఊరికే గోడకేసి చూస్తూ నిలబడ్డా. ఒక నిమిషం, రెండు నిమిషాలు, ఐదు. పదో నిమిషానికి వాడే పదివేల డాలర్లు దించాడు."

"ఊరికే నిలబడితే తగ్గిస్తారా?" లోహిత్ ఫోన్ తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు.

"రాసుకో, రాసుకో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు పొద్దున్నే ఫోన్. 'సార్, ఇంకో బయ్యర్ ఉన్నాడు, త్వరపడండి' అని. నీవాడూ ఈ ముక్కే అన్నాడుగా? నేనన్నానూ, 'ఆ బయ్యర్ని తీసుకురావయ్యా, కళ్లారా చూస్తాను' అని. వాడికి చెమటలు పట్టాయి. ఇంకో బ్రోకర్ని అడిగాడు, వాడు మరొకణ్ణి అడిగాడు, అలా రెండొందల మందిని అడిగితే తేలిందేవిటయ్యా అంటే, అందరిదీ ఒకే ఒక్క ఇంకో బయ్యర్! ఈ దేశం మొత్తానికీ ఒక్కడే! వాడి పేరు చెప్పి అప్పటికి నలభైవేల ఇళ్లు అమ్మేశారు. ఆఖరికి ఎక్కడో వెతికి పట్టుకొచ్చి నా ముందు నిలబెట్టారు. పాపం, తిరిగి తిరిగి చిక్కి సగమైపోయాడు. 'అయ్యా, నాకే ఇల్లూ వద్దు, ఇరవయ్యేళ్లుగా నన్నిలా తిప్పుతున్నారు, విడిపించండి' అని నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. నేనే టాక్సీలో ఛాంగీ ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లి ఫ్లైటెక్కించా."

"మరి మా బ్రోకరు చెప్పే బయ్యరో?"

"అదే కదా చెప్తున్నాను, వాడు దేశంలోనే లేడు! తొందరపడకు."

అప్పయ్య కోపిలో పంచదార కలుపుకుంటూ, "కిందటి వారమే ఆ బయ్యర్ కనిపిస్తే కోపి కూడా ఇప్పించినానన్నారు కదండీ" అన్నాడు.

"ఇప్పించా. అది వేరే సంగతి. బాబూ, నువ్వు ఇటు విను. బేరం కుదిరింది, కానీ అమ్మేవాళ్లు ఊళ్లో లేరు, సంతకాలకి మూడు వారాలు పడుతుంది. ఈలోగా లిమ్ ఇంకెవరికైనా చూపిస్తే? నేనేం చేశానో చెప్పు చూద్దాం. జేబులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి హాలు మధ్యలో పెట్టి వచ్చేశా."

"హాకర్ సెంటర్లో తిండి తెచ్చుకునే ముందు, ఇది మాదేనని టేబుల్ చోప్ చేసినట్టా?"

"అదీ! ఇల్లంతా చోప్! టిష్యూ ప్యాకెట్ పెట్టిన చోటు ముట్టుకునే మొనగాడు ఈ ఊళ్లో ఉన్నాడా? బ్రోకర్లు రావడం, గుమ్మంలోంచి చూడటం, 'అయ్యో, చోప్ అయిపోయిందే' అని నెత్తి కొట్టుకుని పోవడం. లైను ఎక్కడిదాకా వచ్చిందనుకున్నావ్? బిషాన్ స్టేషన్ దాకా. ఊడ్చే ఆవిడ కూడా దాని చుట్టూ ఊడ్చి పోయేదిట. మూడు వారాలూ ప్యాకెట్ అంగుళం కదలలా."

లోహిత్ నవ్వు ఆపుకున్నాడు. కానీ రాసుకోవడం ఆపలేదు. "తర్వాతంకుల్?"

"తర్వాతే ఉంది అసలు కథ. తాళాలు చేతికొచ్చే రోజు. మా ఆవిడ, హైమావతి, గుమ్మం ఏ దిక్కని అడిగింది. నేను లిమ్‌ని అడిగా. ఈ బ్రోకర్లకి మనవాళ్ల సంగతి బాగా తెలుసు. తెలుగువాడు కనబడితే చాలు, అడక్కముందే తూర్పంటారు. వాడూ తూర్పే అన్నాడు. దిక్సూచి తీశా. దక్షిణం! 'ఏవయ్యా లిమ్, ఇదేనా తూర్పు?' అన్నా. మొహం తెల్లబోయింది. 'సార్, ఇప్పుడేం చెయ్యమంటారు, బిల్డింగు కట్టేశారు కదా' అన్నాడు. 'కడితే కట్టారు, తిప్పు' అన్నా."

"ఏటండీ, తిప్పడమేటి?" అప్పయ్య చెంచా ఆపేశాడు.

"బిల్డింగు తిప్పడం. పద్నాలుగు అంతస్తులు. మీ యార్డు నుంచే ఆరు క్రేన్లు తెప్పించాడు. మన శ్రీకాకుళం కుర్రాళ్లు రెండొందల మంది. భోజనాల వేళ అయితే జనం ఇళ్లల్లో కదలకుండా ఉంటారని ఆ టైము పెట్టాం. 'ఐసా' అంటే ఒక అంగుళం, 'ఐసా' అంటే ఇంకో అంగుళం. తొమ్మిదో అంతస్తులో ఒకావిడ రసం వడ్డిస్తోంది, చుక్క ఒలకలా. ఒకాయన స్నానానికి వెళ్లేటప్పుడు కిటికీలోంచి సముద్రం కనిపించింది, తుడుచుకుని వచ్చేసరికి స్కూలు కనిపించింది. మరి బిల్డింగు తిరిగితే బస్‌స్టాపు వెనక్కి పోయింది కదా? దాన్నీ జరిపించా. రోడ్డు అలగకుండా ఊరుకుంటుందా? దాన్నీ వంచాం. ఇప్పటికీ సెంబవాంగ్‌లో బస్సు ఆ మలుపు దగ్గర కాస్త ఒరుగుతుంది చూడు, అది నా మూలానే."

"నేను పదకొండేళ్లుగా ఆ యార్డులో క్రేన్ల కిందే ఉన్నానండీ. ఎలగ తప్పిపోనానో!"

"నీకారోజు డ్యూటీ లేదు."

లోహిత్ ఫోన్ కింద పెట్టాడు. "అంకుల్, ఇప్పుడా ఇంట్లో ఎవరుంటున్నారు?"

"ఎవరో ఉంటారు. అది కాదు విషయం." అంకుల్ గొంతు తగ్గించాడు. ఈసారి చేతులూపలేదు. "నాలాంటివాడికి కాబట్టి బ్రోకర్ల మెడలు వంచడం చెల్లింది. నువ్వు మెత్తటివాడివి. ఆ పదకొండో అంతస్తు సంగతి నాకు తెలుసు. వానొస్తే హాల్లో గొడుగేసుకోవాలి. మధ్యాహ్నం ఎండకి టీవీ కరిగి కిందికి జారుతుంది. రాత్రుళ్లు పై ఇంట్లో గోళీలాట. వచ్చినవాళ్లందరూ గుమ్మంలోంచే వెనక్కి పోతున్నారు. ఎనిమిదేళ్ల కష్టం బాబూ, అందులో పొయ్యకు. చెక్కు ఇవ్వకు."

లోహిత్‌కి మిగతా కథంతా కోతలని తెలుసు. కానీ ఈ చివరి మాటలు చెప్పేటప్పుడు పెద్దాయన కళ్లల్లో కనిపించిన బెంగ నిజమైనదే. అదే అతన్ని కదిలించింది. బ్రోకరుకి 'ఇవాళ రావట్లేదు' అని మెసేజ్ టైపు చెయ్యడం మొదలుపెట్టాడు.

అప్పుడొచ్చింది హైమావతి ఆంటీ, కూరల సంచీతో, ఆయాసపడుతూ.

"ఇక్కడున్నారా? ఫోనెందుకెత్తరు? ఆ బ్రోకరు అనిల్‌కుమార్ ప్రాణం తీస్తున్నాడు. నాలుగున్నరకి ఎవరో కుర్రాణ్ణి తీసుకొస్తాడట మనిల్లు చూపించడానికి. సోఫా మీద మీ బనీన్లు తియ్యాలి, లేవండి."

లోహిత్ టైపు చెయ్యడం ఆపాడు. "ఏ ఇల్లు ఆంటీ?"

"మేం అద్దెకుండేదే నాయనా. ఈ పక్క కాండో, పదకొండో అంతస్తు."

అప్పయ్య కోపి గుక్క మింగలేక దగ్గాడు. అంకుల్ బల్ల మీద లేని మరకని వేలితో తుడుస్తున్నాడు.

"అక్కడ వానకి కారుతుందటగా ఆంటీ?"

ఆంటీ మొగుడి వైపు చూసింది. కోప్పడలేదు. సంచీ కింద పెట్టి, పక్క కుర్చీలో కూర్చుంది. "ఆ కుర్రాడివి నువ్వేనా? నీకూ చెప్పాడా? ఏడేళ్లుగా ఉంటున్నాం నాయనా, చుక్క కారలేదు. ఇల్లు బంగారం. చూడ్డానికి ఎవరొచ్చినా ఇలాగే ఏదో ఒకటి చెప్పి పంపించేస్తాడు. నీకు ముందు పదకొండు మంది వెళ్లిపోయారు. వచ్చేనెల మా అగ్రిమెంటు అయిపోతుంది. కొన్నవాళ్లు ఖాళీ చెయ్యమంటే ఈ వయసులో ఎక్కడికి పోతామని ఆయన భయం. సెంబవాంగ్‌లో మాకు ఇల్లెక్కడిది? ఈ ఊళ్లో మేం ఒక్క ఇల్లూ కొనలేదు. బ్రోకర్లు తెలుసంటే తెలుసు, వాళ్లు వచ్చినవాళ్లకి చెప్పేవన్నీ సోఫాలో కూర్చుని వింటాడుగా."

అప్పయ్య తన కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

లోహిత్ టైపు చేసినది చెరిపేశాడు. "అంకుల్, నేను కొనేది అద్దెకివ్వడానికే. మంచి మనుషులు దొరకాలని నేనూ వెతుక్కుంటున్నాను. మీరు ఉంటానంటే నాకు అంతకంటే ఏం కావాలి?"

మల్లికార్జునరావు అంకుల్ బల్ల మీంచి వేలు తీశాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఆ టేబుల్ దాటి వినపడనంత చిన్నగా అడిగాడు.

"అద్దె ఏవన్నా పెంచుతావా బాబూ?"