టిక్కెట్టు మీద మా ఇంటిపేరు

కంగారుపడకమ్మా, కూర్చో. ఆ బెంచీకి ఓ కాలు పొట్టి, ఇటు పక్కకి జరుగు. ఏవీ, ఆ కాగితాలిలా ఇవ్వు. పాస్‌పోర్టు మీద పుట్టింటి ఇంటిపేరు, టిక్కెట్టు మీద అత్తింటి ఇంటిపేరు. అంతేగా? ప్రయాణం ఎప్పుడు? గురువారమా! ఇంకా మూడు రోజులుంది. ఇంతోటిదానికా పొద్దున్నే ఆఫీసు గుమ్మం ముందు నిలబడి కళ్లొత్తుకుంటున్నావ్? నేను మాట్లాడతాలే.

"మీరు మాట్లాడితే ఎక్కనిస్తారాండీ?"

ఎక్కనిస్తారా అంటుందేంట్రా జిరాక్స్, ఈ పిల్ల! నేనెవరో నువ్వన్నా చెప్పు. ఈ పాస్‌పోర్టు ఆఫీసు ఎదురుగా పందొమ్మిదేళ్లుగా ఫారాలు నింపుతున్నాను తల్లీ. వీడు జిరాక్స్ మెషీను కొనకముందు నుంచి, మా చెల్లెలు ఈ టీ బండి పెట్టకముందు నుంచి నా బల్ల ఇక్కడే ఉంది. చెల్లెమ్మా, ఈ అమ్మాయికో టీ. పంచదార కాస్త ఎక్కువెయ్యి, బాగా ఏడ్చినట్టుంది.

మొదట్లో ఏదో చిన్నాచితకా పనులే చేసేవాణ్ణి. ఒకావిడకి అచ్చం నీ బాధే. నేనూ ఎయిర్‌పోర్టుకి వెంట వెళ్లి, కౌంటర్లో ఆయన్ని ఒక్కటే అడిగాను, "బాబూ, మీ అమ్మగారి పుట్టింటి పేరేంటి?" అని. తెల్లమొహం వేశాడు పాపం, తెలీదు. "కన్నతల్లి ఇంటిపేరే తెలీనివాడివి, ఈవిడ ఇంటిపేరు పట్టుకుని ఆపుతావా?" అన్నాను. అంతే, నోరు మూసుకుని బోర్డింగ్ పాస్ చేతిలో పెట్టాడు.

అదీ ఒక గొప్పేనా? అసలు చెప్పుకోవాలంటే మా అమ్మాయి సంగతి చెప్పుకోవాలి.

"అన్నయ్యా, అది వద్దు."

నువ్వు పాలు పొంగకుండా చూసుకో చెల్లెమ్మా. మా అమ్మాయి నర్సు తల్లీ. పిల్లల వార్డు. ఏడ్చే పసివాడు కూడా దాని చెయ్యి తగిలితే ఊరుకుంటాడు, అలాంటి చెయ్యి దానిది. మా అల్లుడున్న దేశంలోనే, పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. సోమవారం ఉదయం ఎనిమిదికల్లా చేరాలి, లేదంటే వరసలో తర్వాతి మనిషికి ఇచ్చేస్తారు. శనివారం మధ్యాహ్నం విమానం. పసుపు రంగు పెట్టె. పాస్‌పోర్టులో ఇంటిపేరు పెళ్లయిన కొత్తల్లోనే మార్పించేశాం, నేనే దగ్గరుండి మార్పించాను. టిక్కెట్టు మీద మాత్రం పాత పేరుంది, మా ఇంటిపేరు. ఎలా పడిందో పడింది, అదిప్పుడెందుకు. కౌంటర్లో పిల్ల చూసి, "పేర్లు కలవడం లేదండీ" అంది.

"అయ్యో, అప్పుడేం చేశారు?"

ఏం చేశానా? గొంతు సవరించుకున్నాను. ఒక్కసారి మొదలుపెట్టానా, ఆ పిల్ల లేచి నిలబడింది. దాని పైవాడొచ్చాడు, వాడి పైవాడొచ్చాడు, ఆ పైవాడికి పైన ఎవరూ లేక ఆయనే కుర్చీ తెచ్చి నన్ను కూర్చోబెట్టాడు. ఈలోగా విమానం కదిలిపోయింది. అద్దంలోంచి వేలు చూపించి, "ఏయ్, ఎక్కడికి?" అన్నాను. ఆగిపోయింది!

"విమానం ఆగిందా ఏజెంటు గారూ? మీ వేలికి?"

ఆగడమేంట్రా జిరాక్స్, రివర్సులో వచ్చింది! విమానం రివర్సులో రావడం నువ్వెప్పుడన్నా చూశావా? మూడొందల మందీ కిటికీల్లోంచి చెయ్యూపుతూ వెనక్కొచ్చారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైలట్ దిగొచ్చాడు. కోప్పడతాడనుకున్నారా? నా రెండు చేతులూ పట్టుకుని, "సార్, నాకూ మొన్ననే పెళ్లయింది, మా ఆవిడ పాస్‌పోర్టులో ఒక పేరు, వీసాలో ఇంకో పేరు, మీకు దణ్ణం పెడతాను" అన్నాడు. సరే పదమని, విమానం రెక్క మీద కాగితాలు పరిచి అక్కడికక్కడే ఫారం నింపాను. అది చూసి లోపలున్నవాళ్లు ఊరుకుంటారా? పెళ్లయిన ఆడవాళ్లంతా మెట్ల మీద క్యూ కట్టారు. నూట నలభై ఫారాలు. పెన్నులో ఇంకు అయిపోతే విమానం రిఫిల్ చేసేవాడే నా పెన్నుకీ పట్టాడు.

"ఆయిలా?"

ఆయిలే! ఇప్పటికీ ఆ పెన్ను ఆగదు. నువ్వు నవ్వావు చూడు తల్లీ, అలా ఉండాలి. ఇంకా విను. అంతా అయ్యాక విమానం కాగితాలు కూడా ఓసారి ఇటివ్వమన్నాను. అనుమానం వచ్చింది లే నాకు. చూద్దునుగదా, తోక మీద రాసిన పేరుకీ, కాగితాల్లో పేరుకీ ఒక్కక్షరం తేడా! దానికెప్పుడు పెళ్లయిందో మరి. అదీ దిద్దేశాను. అవతలి దేశం పెద్దాయన ఫోన్ చేసి, "అయ్యా, మీ అమ్మాయి ఏ పేరుతో వచ్చినా మాకు సమ్మతమే, అసలు ఇవాళ్టి నుంచి మా దేశంలో ఇంటిపేర్లే తీసేస్తున్నాం" అన్నాడు. మా అమ్మాయి మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి, "మా నాన్న!" అని అందరికీ చూపించింది. నాన్న మాట్లాడితే పనైపోతుందని దానికి చిన్నప్పట్నుంచీ తెలుసు. అంచేత గురువారం నువ్వేం దిగులు పెట్టుకోకు, ఎయిర్‌పోర్టుకి నేనే వస్తాను, నేను మాట్లా...

"అన్నయ్యా. ఆ పసుపు పెట్టె ఇంటికి మోసుకొచ్చింది నేను. విమానం ఎక్కితే పెట్టె నా చేతికెందుకొస్తుంది? చెప్పు. ఈ పిల్ల కూడా ఎయిర్‌పోర్టులో నిలబడి ఏడవాలా?"

జిరాక్స్, ఇటు చూడకు, నీ పని చూసుకో. కాదులే, ఉండు. నువ్వూ విను. ఇన్నేళ్లుగా నా కోతలన్నీ విన్నావు, ఇదీ విను.

ఎక్కలేదు తల్లీ. మా అమ్మాయి విమానం ఎక్కలేదు.

ఆ టిక్కెట్టు చేసింది నేనే. ఇందాక ఎలా పడిందో అన్నాను చూడు, నా వేళ్లతో నేనే కొట్టాను. అలవాటులో కొట్టానని అందరికీ చెప్పాను, మా చెల్లెలిక్కూడా అదే చెప్పాను. అలవాటు కాదు చెల్లెమ్మా. కొట్టాక చూశాను. తెర మీద దాని పేరు ముందు మా ఇంటిపేరు. బళ్లో చేర్పించినప్పుడు అలాగే రాశాను, నర్సింగులో చేర్పించినప్పుడు అలాగే రాశాను. పాస్‌పోర్టులో నా చేత్తోనే తీసేయించాను కదా, ఈ ఒక్క టిక్కెట్టు మీదన్నా ఉండనీ అనిపించింది. ఎవడన్నా అడిగితే నేను మాట్లాడతాలే అనుకున్నాను. ఊరందరికీ పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయాలని చెప్పేవాణ్ణి, నా కూతురి దగ్గరికి వచ్చేసరికి ఆ పని చేశాను.

"నిజం చెప్పావు అన్నయ్యా. నాకూ ఇప్పుడే తెలిసింది."

ఇంకా ఉంది. అది పెళ్లి సర్టిఫికెట్టూ, పాత పాస్‌పోర్టూ సంచిలో పెట్టుకుంది, నర్సు కదా, జాగ్రత్త ఎక్కువ. నేనే తీయించేశాను. "ఎందుకే బరువు, నేనున్నాను కదా" అన్నాను. కౌంటర్లో ఆ పిల్ల మంచిదే తల్లీ. "ఆ రెండు కాగితాలూ చూపించండి, పైవాళ్లని అడిగి నేనే సరిచేయిస్తాను" అంది. ఇల్లు అక్కడికి ఇరవై నిమిషాలు. పోను ఇరవై, రాను ఇరవై. మా చెల్లెలు ఆటో పిలుస్తానంటే ఆగమన్నాను. నిలబడి వాదించాను. నేనెవరో తెలుసా అన్నాను. యాభై నిమిషాలు వాదించాను. ఆ పిల్లకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కౌంటర్ మూసేశారు. అంతే అయింది.

మా అమ్మాయి, "నాన్నా, పద, ఇంటికెళ్దాం" అంది. అది తిట్టి ఉంటే బాగుండేది. సోమవారం ఎనిమిదింటికి వాళ్లు వేరే మనిషిని చేర్చుకున్నారు. నెలన్నర తర్వాత వెళ్లింది, టిక్కెట్టు అల్లుడే చేశాడు. ఇప్పుడక్కడ మందుల దుకాణంలో అట్టపెట్టెలు సర్దుతోంది. అంత మంచి చెయ్యి. మూడేళ్లయింది. ఫోన్ చేస్తే, తిన్నావా నాన్నా, మాత్రలు వేసుకున్నావా, అని అడుగుతుంది. ఆ పైన ఏం మాట్లాడాలో నాకు తోచదు. అందుకే ఇక్కడ కూర్చుని విమానాన్ని వెనక్కి రప్పిస్తుంటాను. రోజుకో కొత్త మాట కలుపుతాను, మెట్లెక్కేది మాత్రం రోజూ ఎక్కిస్తాను.

టీ చల్లారిపోయింది, ఇంకోటి పొయ్యి చెల్లెమ్మా.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా విను తల్లీ. నీ వీసా పాత పేరు మీదే ఉంది కదా? అయితే పాస్‌పోర్టు ఇప్పుడు ముట్టుకోకు, పేరు మార్పు తిరిగొచ్చాక చూసుకుందువు. దిద్దాల్సింది టిక్కెట్టు. విమానం కంపెనీ వాళ్లకి ఇప్పుడే, నా ముందే ఫోన్ చెయ్యి. దిద్దుతారా, కొత్తది తీసుకోమంటారా కనుక్కో. పాస్‌పోర్టు తెరిచి పెట్టుకుని ఒక్కో అక్షరం చదువు, నేను పక్కన వేలు పెట్టి చూస్తాను. పెళ్లి సర్టిఫికెట్టు జిరాక్స్ రెండు తీయించుకో, అసలుది చేతి సంచిలోనే పెట్టుకో. ఎవరు తీసెయ్యమన్నా తియ్యకు. అవునూ, ఇంతకీ ఈ టిక్కెట్టు ఎవరు చేశారు?

"మా నాన్నగారండీ. కొత్త ఇంటిపేరు నా పక్కన ఎంత బాగుందో చూడమని, చేసిన వెంటనే నాకు ఫొటో పంపారు."

ఓహో. ఆయన అలా చేశారా.

మీ నాన్నని తిట్టకమ్మా. పేరు దిద్దించేశానని చెప్పు, అంతే. కానీ గురువారం నీతో ఎయిర్‌పోర్టుకొచ్చి, కాగితాలెందుకు, నేను మాట్లాడతాలే అన్నారనుకో, అప్పుడు మాత్రం ఒప్పుకోకు. నా మీద ఒట్టు.