అయిదో వైరు, ఏడో వైరు

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహించిన మా యజమాని గారికి, పెద్ద మనసుతో ముఖ్య అతిథిగా వచ్చిన డాక్టరమ్మ గారికి, ఇన్నేళ్ళూ ఒకే షెడ్డు కింద నాతో గ్రీజు పూసుకున్న మిత్రులకి, ముందు వరుసలో కూర్చుని 'ఈయన మైకు దొరికితే ఏం వాగుతాడో' అని బిక్కుబిక్కుమంటూ చూస్తున్న మా ఇంటావిడకి నమస్కారాలు. (నవ్వులు)

ఇంతసేపూ నా గురించి చెప్పినవన్నీ విన్నాను. అంత గొప్ప మెకానిక్కు ఎక్కడున్నాడో, నాకూ ఒకసారి చూపిస్తే బాగుండు. (నవ్వులు) నిజానికి జేబులో కృతజ్ఞతల కాగితం ఒకటి రాసి పెట్టుకున్నాను. అది తీయను. యజమాని గారు మాట్లాడుతూ, పదకొండేళ్ళ కిందట డాక్టరమ్మ గారి బండి ప్రమాదంలో తప్పెక్కడుందో పది నిమిషాల్లో పట్టుకుని మన షెడ్డు పరువు నిలబెట్టింది నేనేనన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు మాత్రం నేను ఇంటికి పట్టుకెళ్ళలేను. దయచేసి నన్ను ఆపకండి, మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు.

బండి పని తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. డాక్టరమ్మ గారి నల్ల కారు వయసులో నాకంటే పెద్దది. దాని ఇంజన్లో ఎనిమిది సిలిండర్లు, వి ఆకారంలో అటు నాలుగు, ఇటు నాలుగు. ఎడమ పక్క ఒకటి, మూడు, అయిదు, ఏడు. కుడి పక్క మిగతావి. ఒక్కోదాంట్లో నిప్పురవ్వ పుట్టించడానికి ఒక్కో వైరు. ఆ నిప్పు వరుసగా పడదు. ఒకటి, ఎనిమిది, నాలుగు, మూడు, ఆరు, అయిదు, ఏడు, రెండు. ఇది నేను నిద్రలో కూడా చదువుతానని మా ఆవిడ ఫిర్యాదు. (నవ్వులు) వెనక కూర్చున్న కుర్రాళ్ళూ, మీరూ వినండి, వేరే కంపెనీ ఇంజనుకి నంబర్లూ వేరు, వరుసా వేరు. అన్నిటికీ ఇదే వల్లించి నా పేరు చెప్పకండి.

ఇందులో ఒక చిక్కుంది. అయిదు, ఏడు పక్కపక్కనే ఉంటాయి, నిప్పు కూడా ఒకదాని వెనకే ఒకటి అందుకుంటాయి. అందుకని ఆ రెండు వైర్లనీ ఎడంగా పోనివ్వాలి. అంటుకుని పోతే అయిదో వైరులో పారే కరెంటు ఏడో వైరుని లేపుతుంది. ఏడో సిలిండర్లో పిస్టన్ ఇంకా పైకి వస్తూ ఉండగానే నిప్పు పడుతుంది, పైకి వచ్చేదాన్ని కిందికి తంతుంది. మామూలు రోడ్డు మీద ఇది బయటపడకపోవచ్చు. బరువు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ చచ్చిపోతుంది.

ఆ రోజు పొద్దున ఆ ఎనిమిది వైర్లూ బిగించింది మా బావమరిది. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. నేనే తీసుకొచ్చి పనిలో పెట్టాను, నేనే నేర్పాను. అదిగో, తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాత సిబ్బందిని కూడా పిలిచారు కాబట్టి వచ్చాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ రోజు వాడు బండి స్టార్ట్ చేశాక నేనే బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. ఎంత మెత్తగా తిరిగిందో చెప్పలేను.

మధ్యాహ్నం వాడు భోజనానికి వెళ్ళాడు. నేను అటుగా వెళ్తూ చూస్తే వైర్లు ఎటుపడితే అటు సాగి ఉన్నాయి. నాకు చిందరవందర గిట్టదు. ఇంట్లో చెప్పులు వంకరగా ఉంటే ముద్ద దిగదు. డాక్టరమ్మ గారు వచ్చి చూస్తే బాగుండాలని, ఎడమ పక్క నాలుగు వైర్లనీ జడలాగా దగ్గరికి చేర్చి, ప్లాస్టిక్ టాగులతో బిగించాను. వాడు అయిదునీ ఏడునీ ఎందుకు ఎడంగా వదిలాడో ఒక్క క్షణం ఆలోచించలేదు. ఆ పాఠం వాడికి చెప్పింది నేనే.

తర్వాత జరిగింది మీకు తెలుసు. సాయంత్రం కొండ దారి ఎక్కుతుండగా ఇంజన్ ఆగిపోయింది, బండి వెనక్కి జారి గోడకి కొట్టుకుంది. డాక్టరమ్మ గారి కుడి భుజం విరిగింది. ఈ రోజుకీ ఆ చెయ్యి పూర్తిగా లేవదు. ఇందాక మైకు సరిచేసుకోవడానికి ఎడమ చెయ్యి వాడారు, నేను చూశాను.

బండిని లాక్కొచ్చాక బానెట్ ముందు తెరిచింది నేను. ఒక్కణ్ణే ఉన్నాను. చూడగానే అర్థమైంది. మరుసటి నెల నన్ను హెడ్ ఎలక్ట్రీషియన్ చేస్తారని అప్పటికే మాట. భయం వేసింది. నా టాగులు నేనే కోసి జేబులో వేసుకున్నాను. అక్కడితో ఆగలేదు. ఈ చేత్తోనే రెండు వైర్లు పీకి ఒకదాని చోట ఒకటి పెట్టాను. అప్పుడు అందరినీ పిలిచి, 'ఇదిగో, మా బావమరిది వరుస తప్పాడు' అని చూపించాను.

(హాలులో కలకలం)

కూర్చోండి యజమాని గారూ, ఇంకొంచెమే ఉంది. ఆ రోజు మా బావమరిది మీ అందరి ముందూ నన్ను ఒక్కటే అడిగాడు: "వరుస తప్పితే ఇంజన్ వణకదా బావా? పొద్దున నువ్వే విన్నావు కదా?" అని. ఆ ప్రశ్నకి ఈ షెడ్డులో ఎవరైనా జవాబు చెప్పగలరు. రెండు వైర్లు తారుమారైతే బండి గేటు దాటేలోపే దగ్గి గోల చేస్తుంది. అలాంటిది కొండ దాకా పన్నెండు కిలోమీటర్లు హాయిగా వెళ్ళింది. ఒక్కరు ఆలోచించినా నేను దొరికిపోయేవాణ్ణి. నేను చెప్పాను కాబట్టి ఎవరూ ఆలోచించలేదు. వాణ్ణి ఆ పూటే పంపేశారు. ఇప్పుడు వీధి చివర నీళ్ళ మోటార్లు బాగుచేసుకుంటున్నాడు. అక్క గుమ్మం తొక్కనివ్వలేదు. "మా ఆయన పరువు తీశావు" అని వీధిలో నిలబెట్టి తిట్టింది. నేను లోపల కూర్చుని విన్నాను.

డాక్టరమ్మ గారూ, మీ భుజం విరగ్గొట్టింది నేను. క్షమించమని అడిగే మొహం లేదు. మీరు ఏ చర్య తీసుకున్నా తల వంచుకుంటాను. యజమాని గారూ, నా తర్వాత ఎవరిని పెట్టాలో నన్నే చెప్పమన్నారు. ఆ పేరు మా బావమరిదిది. వాడికంటే తెలిసినవాడు మీకు దొరకడు.

ఏమిటి నాయనా? గట్టిగా చెప్పు, ఇక్కడికి వినపడటం లేదు.

"నాకు ఆ ఉద్యోగం వద్దు బావా" అంటున్నాడు. "నా వైర్లు సరిగ్గా ఉన్నాయో లేదో అక్కకి చెప్పు, చాలు" అంటున్నాడు.

చెబుతాను. ఏమేవ్, నా వైపు చూడు. చూడకపోయినా సరే, విను. నీ తమ్ముడు ఆ రోజు ఎనిమిది వైర్లూ ఎక్కడ ఉండాలో అక్కడే పెట్టాడు. ఒక్కటీ తప్పలేదు.

(కుర్చీ జరిగిన చప్పుడు)

మా ఆవిడ లేచింది. దారి ఇవ్వండి, ఆ కుర్చీలు కాస్త జరపండి. వాడి దగ్గరికే వెళ్తోంది. వాడి చెయ్యి పట్టుకుంది.

నా వైపు తిరిగి ఏదో అంటోంది. ముందున్నవాళ్ళకి వినపడింది, వెనకున్నవాళ్ళ కోసం నేనే మైకులో చెబుతాను, అది కూడా నేనే చెప్పాలి. "మా అమ్మ బతికుండగా చెప్పాల్సింది" అంటోంది. మా అత్తగారు పోయి నాలుగేళ్ళయింది. కొడుకు చేతకానితనం వల్ల ఒక మనిషి చావుదాకా వెళ్ళిందనుకుంటూనే పోయింది.

ఓపికగా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. వాళ్ళిద్దరూ ముందు వెళ్ళనివ్వండి, తర్వాత నేను దిగుతాను. సెలవు.