ఒక్క దెబ్బంటే ఆగమని

హలో… ఆ, నేనేనమ్మాయీ, మేస్త్రీని… పనివేళలో ముసలాడు ఫోను పట్టుకున్నాడంటే కబుర్లకి కాదని తెలుసుగా.

…ఆ చప్పుడా. సమ్మెట… తలుపు మీద. ఏ తలుపంటే, నేను వీపు ఆనించిన తలుపే. సామాన్ల గదిది… లోపల ఇద్దరం ఉన్నాం. నేనూ, నీ కొత్త సూపర్‌వైజరూ. అదే, మన ఇస్త్రీబాబు… బతికే ఉన్నాడు. ఇస్త్రీ ఒక్కటే పోయింది.

…వేళాకోళం కాదు తల్లీ. ముందు పళ్ళు రాలాయి. ఎడం చెయ్యి మోచేతి కింద ఇంకో మోచెయ్యి మొలిచినట్టు వంగింది. నా పాత చొక్కా చింపి కట్టాను. ఇస్త్రీ లేని చొక్కా ఈయన ఒంటికి తగలడం ఇదే మొదలేమో…

ఎవరేంటి. గున్న. పెద్ద ప్రెస్సు గున్న… ఆ, వాడే. చొక్కా మీద ఈగ వాలితే కొట్టకుండా ఊది పంపించేవాడే. చిన్నప్పుడు వాణ్ణి ఉయ్యాల్లో వేస్తే దూలం వంగిందట, అయినా చీమకి హాని చేసి ఎరగడు. ఇవాళ ఇనప కడ్డీ పట్టుకున్నాడు. కడ్డీ వంకరపోతే సమ్మెట అందుకున్నాడు. అడ్డం వెళ్ళిన వెల్డరుకి దవడ పగిలింది. దాంతో మిగతావాళ్ళంతా గోడలకి బల్లుల్లా అతుక్కుపోయారు.

…ఆగాగు. అన్నీ ఒక్కసారి అడగకు. నువ్వు ఊపిరి తీసుకో, నేనూ తీసుకుంటా…

పిచ్చుక చెయ్యి ప్రెస్సులో పడింది.

…

…వింటున్నావా?

…ఆ, వాడి చెల్లెలే. వినపడని పిల్ల. మన కార్ఖానాకి ఉన్నది ఒక్క పిచ్చుకేగా… కుడి చెయ్యి. వేళ్ళు అచ్చులోనే ఉండిపోయాయి తల్లీ. రేకుతో పాటు అవి కూడా… వద్దులే, నీకెందుకు. మణికట్టు దగ్గర బిగించి కట్టాం. ప్యాకింగులో పనిచేసే మన దగ్గమ్మ తలగుడ్డ విప్పి కట్టింది. అయినా కారుతూనే ఉంది.

…అరవలేదు. అది చూసే నాకు భయం వేసింది. ఎడం చేత్తో నాకు సైగ చేసింది. నన్నిక తీసేస్తారా, అని… ఏం చెబుతాను? చూపు తిప్పేసుకున్నాను.

…ఆస్పత్రికి ఎలా పంపను? అంబులెన్సు వచ్చింది. గేటు బయట కూత పెడుతోంది, నీకు వినపడటంలా?… గేటుకి గొలుసు చుట్టి తాళం వేశాడు గున్న. ఇస్త్రీబాబు పారిపోకుండా. తాళంచెవి వాడి జేబులో ఉంది. చెల్లెలి ప్రాణం కాపాడే బండిని వాడి తాళమే ఆపింది. ఆ ముక్క వాడి బుర్రకి ఎక్కడం లేదు. చెప్పబోయినవాడి దవడే పగిలిందంటున్నాను కదా.

…పోలీసులకి చేశారు. వస్తారు. వాళ్ళొచ్చేసరికి ఈ తలుపు పొయ్యిలోకి పనికొస్తుంది.

…ఈయన మీదకెందుకంటావా. రబ్బరు చాపల మూలంగా.

…ఆ, అవే. నిన్న సెలవు చూసుకుని కార్ఖానా అంతా పరిపించాడుగా. ఈ గది ఒక్కటే వదిలేశాడు. పొద్దున కాలు పెడితే దూది మీద నడిచినట్టుంది. నా మోకాళ్ళు రెండూ ఈయన్ని చల్లగా ఉండమని దీవించాయి. అందరం మెచ్చుకున్నాం. ఈయనేమో అంతా నా ఆలోచనేనంటూ గుండీలు తెగేలా ఉబ్బాడు.

…చాపకీ చేతికీ ఏంటి సంబంధమంటే… నీకు కాలు కొట్టడం తెలీదా?… తెలీదులే. రోగం రోజుల నుంచీ ఇంట్లో కూర్చునే నడుపుతున్నావు. విను మరి. తలుపు ఇంకాసేపు ఆగుతుంది.

ప్రెస్సులో రేకు పెట్టేది పిచ్చుక, పెడల్ తొక్కేది గున్న. మాస్కులు రాకముందు పిచ్చుక మూతులు చూసి మాటలు పట్టేది. ప్రెస్సు అవతల నుంచి గున్న ‘తియ్’ అని పెదవి కదిపితే చాలు, చెయ్యి తీసేది. మాస్కులొచ్చాయి. లోకంలో మూతులన్నీ మూతపడ్డాయి. ఎవరేమంటున్నారో తెలీక ఆ పిల్ల రోజంతా బిక్కమొహం వేసుకుని నిలబడేది. మానేస్తానని సైగ చేసింది. దాంతో దగ్గమ్మకి — అప్పటికింకా ఆమెకి దగ్గు రాలేదులే — ఒళ్ళు మండి నేలని ఫెడీమని ఒక్క తన్ను తన్నింది. ఇనప రేకుల నేల కదా, ఆ మూల తంతే ఈ మూల అరికాలికి తగిలింది. పిచ్చుక చటుక్కున తలెత్తి చూసింది.

అంతే. ఆ రోజు నుంచి అదే మా భాష. రెండు దెబ్బలంటే పెడల్ తొక్కుతున్నా, చెయ్యి తియ్. ఒక్క దెబ్బంటే ఆగు, ఏం చేస్తున్నా సరే ఆగు… మాస్కులు పోయాయి గానీ అలవాటు పోలేదు. ఆ పిల్ల తలెత్తక్కర్లేదు, పనీ ఆగక్కర్లేదు. అప్పట్లో మేం కొట్టిన కొట్టుడికి కార్ఖానా జానెడు భూమిలోకి దిగింది. పక్క వీధిలో కోళ్ళు బెదిరి గుడ్లు పెట్టడం మానేశాయి…

…ఇప్పుడు కోతలేంటంటావా. కోతలు ఆపితే నాకు భయం వేస్తుంది తల్లీ. కొయ్యనీ.

ఇవాళ కూడా వాడు రెండు దెబ్బలు కొట్టాడు. కళ్ళారా చూశాను. కొట్టి, ఒక ఊపిరి ఆగి, తొక్కాడు. రోజూలాగే… రబ్బరు మింగేసింది.

…మాలో ఎవరికీ తట్టలేదు. చెవులున్నవాళ్ళం. మాకు కాళ్ళకింద మెత్తగా ఉంది, అంతవరకే చూసుకున్నాం.

అబ్బా—

…

…ఉన్నా, ఉన్నా. పలక పగిలింది. సమ్మెట లోపలికొచ్చి భుజాన్ని పలకరించింది… విరిగినట్టే ఉంది. పోన్లే. ఇదే భుజమ్మీద మీ నాన్నా నేనూ పాత ప్రెస్సుని నాలుగు వీధులు మోసుకొచ్చాం. ఆయన కబుర్లు మోశాడు, నేను ప్రెస్సు మోశాను…

ఒరే గున్నా. ముసలాణ్ణి కొట్టావురా. చూసుకో.

…తప్పుకోండి మేస్త్రీ, మీక్కూడా పడుతుంది, అంటున్నాడు. సమ్మెట ఎత్తి మరీ ‘అండీ’ అంటున్నాడు చూడు. మర్యాద తెలిసిన వంశం.

…ఉండు, ఈయనేదో గొణుగుతున్నాడు. నెత్తురు ఊసి చెప్పు బాబూ… ఏంటీ?… ఇంకోసారి చెప్పు…

విన్నావా అమ్మాయీ, ఈయన వరస. పొద్దున మెచ్చుకుంటే నా ఆలోచనే అన్నాడు. ఇప్పుడు ప్రాణం మీదికొచ్చేసరికి, చాపలు వెయ్యమంది మేడమ్ అంటున్నాడు. మగవాడన్నాక…

…

అమ్మాయీ?

…మాట్లాడవేం?

…

…నువ్వా.

…ఊఁ… దగ్గమ్మ కోసమా… రోగం తగ్గినా కాళ్ళు పీకేస్తున్నాయని, ఇనప నేల మీద నిలబడలేకపోతోందని… ఊఁ… ఆమెకొక్కదానికే వేస్తే చిన్నబుచ్చుకుంటుందని, అందరికీ…

అయ్యో నా తల్లీ.

…మనసు మంచిదే. కాదనలేదు. ఒక్కసారి ఇలా వచ్చి ఎవరో ఒకర్ని అడగకపోయావా… ఏడవకు. ఏడుపుకి తర్వాత బోలెడు టైముంది.

…చూడు, ఈయన ఇన్ని దెబ్బలు తిన్నా బయట నీ పేరెత్తలేదు. నాకు చెప్పాడు, అదీ గుసగుసగా. పొద్దున గొప్పకి చెప్పుకున్నాడు, దెబ్బలు పడుతున్నా ఆ గొప్పని వదల్లేదు. నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా బాబూ. నీకు పళ్ళు లేవు గానీ పరువుంది.

…ఏంటి, గున్నకి నువ్వే చెబుతావా?… వద్దు. ఆ సమ్మెట నీ ఇంటిదారి పడుతుంది… వద్దన్నానా… సరే. మీ నాన్న మొండితనం ఎక్కడికి పోతుంది. స్పీకరు పెట్టి ఈ కన్నం దగ్గర పట్టుకుంటా. తాళం సంగతి ముందు చెప్పు. అదే ముందు.

గున్నా. అమ్మాయిగారు మాట్లాడతారు, విను.

…

…ఆగాడు. చెప్పు, చెప్పు, ఆపకు…

…

…అమ్మాయీ, నేనే. ఫోను వెనక్కి లాక్కున్నా. వాడన్నది విన్నావుగా. అయితే వీడి తర్వాత ఆవిడ, అన్నాడు… తాళమా? అది వాడి చెవిన పడలేదు. ఎవర్ని కొట్టాలో చెబితేనే వింటున్నాడు.

…మళ్ళీ ఎత్తాడు. గడియ వంగుతోంది… నాకు కోపం రావడం లేదమ్మాయీ. పెడల్ తొక్కింది వాడి కాలే. ఆ కాలుని ఏం చెయ్యాలో తెలీక మా మీద పడ్డాడు. ఈయన అయిపోతే నువ్వు, నువ్వు అయిపోతే ఆఖర్న వాడే. అక్కడ దాకా పోతేగానీ ఆగడు. అప్పటికి ఆ పిల్ల ఉండదు…

…ఉండు.

…ఉండుండు. ఏదో చిరుగుతున్న చప్పుడు. కన్నంలోంచి చూస్తున్నా… పిచ్చుక. లేచి వచ్చింది. దగ్గమ్మ భుజమ్మీద వాలి… మొహంలో నెత్తురు చుక్క లేదు, దారంతా నేలమీద పోసుకుంటూ వచ్చింది. వంగింది. ఎడం చేత్తో చాప అంచు పట్టుకుని పీకుతోంది… జిగురుతో అతికించారు, రావడం లేదు. దగ్గమ్మ కూడా పట్టింది. దగ్గుతూ లాగుతోంది…

ఒరే బల్లుల్లారా, ఒక చెయ్యి వెయ్యండిరా.

…వేశారు. లేచింది. ఇంకోటి… గున్న కాళ్ళకిందది కూడా లాగేశారు. తూలాడు. వెనక్కి తిరిగాడు. సమ్మెట ఇంకా పైనే ఉంది. చెల్లెలు కనపడటం లేదు వాడికి, ఎవరో మనిషి అనుకుంటున్నాడు—

…

…నా అరికాలికి తగిలింది.

…ఒక్కటి.

…ఒక్కటే దెబ్బ.

…మళ్ళీ. ఒక్కటే…

ఏంటది అని అడుగుతున్నాడు ఇస్త్రీబాబు. ఆగమని బాబూ. ఏం చేస్తున్నా సరే ఆగమని.

…

…ఈ చప్పుడు విన్నావా? సమ్మెట… జారలేదు. వాడే వదిలాడు. నేలమీద కూలబడి జేబులు తడుముకుంటున్నాడు… అదుగో, తాళంచెవి. దగ్గమ్మ లాక్కుని గేటు వైపు పరిగెత్తింది. ఆ కాళ్ళతోనే.

…బతుకుతుందా అంటే, నేనేమన్నా వైద్యుణ్ణా. నిలబడి ఉంది. అంతవరకే నాకు తెలుసు… ఆ, నువ్వు రా. ఫోనులో కాదు, మనిషివి రా. దాని ప్రశ్నకి నేను జవాబు చెప్పలేదు కదా, నువ్వు చెప్పాలి. తీసేస్తావో ఉంచుతావో, ఎదురుగా నిలబడి చెప్పు. మూతి చూసి అదే పట్టుకుంటుంది.

…గడియ తియ్యాలి. ఈయన్ని కూడా ఆ బండిలోనే ఎక్కించాలి, వెల్డరు ఒళ్ళో కూర్చోబెట్టయినా సరే. గడియేమో వంకరపోయింది, రెండు చేతులూ కావాలి. నాకిప్పుడు ఉన్నది ఒకటిన్నర. ఫోను కింద పెడుతున్నా… కట్ చెయ్యకు. చాప లేని చోటే పెడుతున్నాను, రేకు మీద.

ఆ పిల్ల ఇంకోసారి కొడితే నీకూ తెలుస్తుంది.