తోడల్లుడి అడ్రసు

పర్చూరు పక్క పల్లెలో వీరాంజనేయులు మందుల షాపు. మిరపతోటలో పురుగుమందు కొట్టి పడిపోయిన కూలీ ఫిలిప్‌ను బల్ల మీద పడుకోబెట్టారు. పక్కన భార్య రెబ్కా. షాపాయన, వీడియోలో రోగుల్ని చూసే డాక్టరమ్మకు ఫోన్ కలుపుతున్నాడు.

“ఏడుపాపు రెబ్కా! ఆవిడ అడిగితే ఏ ఊరని చెప్పాలి?”

“బళ్లారి. మనది కాని ఊరెందుకన్నా చెప్పటం?”

“మళ్ళీ మొదటికొచ్చావా! ఆవిడ కర్ణాటక డాక్టరు. పక్క రాష్ట్రం వాళ్ళని చూడకూడదని ఆ వీడియో వైద్యం కంపెనీ రూలు. రోగం హద్దురాయి చూసుకుని వచ్చుద్దా? వీళ్ళ మొహానికి రూలొకటి!”

“అడ్రసడిగితేనో?”

“బళ్లారిలో మా తోడల్లుడిది పెట్టా. మనూళ్ళో అందరికీ అదే. ఇంతవరకూ ఏ మొనగాడూ పట్టుకోలా. అక్కడా మిరపే, ఇక్కడా మిరపే, ఆవిడకేం తెలిసి చచ్చుద్ది! ఇదిగో, వచ్చింది. నమస్కారం డాక్టరమ్మా!”

“నమస్తే. బళ్లారేనా?”

“చెప్పవే!”

“ఆ... బళ్లారేనమ్మా. మా ఆయన పురుగుమందు కొట్టొచ్చాడు. ఒకటే చొంగ, చెమటలు. పిలిస్తే పలకట్లా.”

“కళ్ళు చూపించండి. అయ్యో, కనుపాపలు చుక్కల్లా కుంచించుకుపోయాయి! బిళ్ళలతో అయ్యేది కాదు. అంబులెన్సు పంపిస్తున్నా, దగ్గర్లోనే ఉంది. ఈలోగా బట్టలు తీసేసి ఒళ్ళు సబ్బుతో కడగండి. లైన్లోనే ఉంటా.”

“విన్నావా? దర్జాగా బండే వస్తంది!”

“అన్నా, నజీర్ ఆటో గుమ్మంలోనే ఉంది. పర్చూరు ఆసుపత్రికి పోదాం.”

“సర్కారు ఆసుపత్రా? అక్కడ నిన్ను పలకరించే నాథుడెవడే? ఒరేయ్ నజీరూ, నువ్వు పోరా, ఆటో అక్కర్లా!”

“పంపేశావా! అన్నా, నాకు భయంగా ఉంది.”

“తెల్లకోటు మాట మీద నమ్మకం లేదు, ఆటోవాడి మీద మాత్రం ఉంది. మీ బుర్రలు ఇంతే. కడుగు, కడుగు.”

“కడుగుతానే ఉన్నా. ఏమయ్యో, కళ్ళు తెరువు! ప్రభువా, గొంతులో గురగురమంటంది! డాక్టరమ్మా, బండేదమ్మా? రోడ్డు మీద కనపడట్లా!”

“అదేంటమ్మా? బండి వచ్చి మీ ఇంటి ముందే ఆగింది. ఎంత కొట్టినా లోపల్నుంచి పలకట్లేదంట. త్వరగా తలుపు తీయండమ్మా!”