సూది పెట్టకముందే

మనవరాలు త్రీడీ ప్రింటర్‌లో అచ్చువేసిన ప్లాస్టిక్ చేతిని, లేజర్‌తో కోసిన చెక్కపెట్టె గ్రామఫోన్‌కు బిగిస్తోంది. పళ్లెం మీద తాతయ్య నాటకం రికార్డు అప్పటికే తిరుగుతోంది. పోయిన మనిషి గొంతు మిగిలింది అందులోనే.

"ఈ పుల్లలాంటి చెయ్యి మీ తాతయ్య గొంతు మోస్తుందంటావా?"

"మోస్తుందిలే అమ్మమ్మా. రెండు విరిగాక దీన్ని లావుగా చేశాను. ఇంతకీ ఇందులో ఏమంటాడు తాతయ్య?"

"'ఏమోయ్, తలుపు తియ్యి' అంటారు. ఇంటికొచ్చినా అదే పిలుపు."

"ఏమోయ్, తలుపు తియ్యి." తాతయ్య గొంతు ఖంగుమని వినిపించింది.

"అచ్చం ఆయనే! నా బంగారుతల్లివే! మళ్లీ వెయ్యి."

"అమ్మమ్మా... నేనింకా సూది పెట్టలేదు."

అమ్మమ్మ వీధి తలుపు వైపు చూసింది. చెదిరిన జుట్టు సర్దుకుంది.

"అయ్యో, ఎంతసేపటి నుంచి నిలబడ్డారో" అంటూ లేచింది.